బొమ్మల పటాలానికి కవాతు నేర్పడం: ఫార్మేషన్ రూల్స్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఒక మేడ మీద గదిలో, ఆదివారం మధ్యాహ్నాలు మేము ఏడెనిమిది మందిమి బల్ల మీద బొమ్మల యుద్ధాలు ఆడుతుంటాం. మొదట్లో కొన్న రూల్స్‌తో ఆడేవాళ్ళం, తర్వాత సొంతంగా రాసుకోవడంలోకి దిగాం. మా ఆట 18వ శతాబ్దంలో ఉత్తర సర్కారుల్లో జరిగిన యుద్ధాల మీద. కొత్తగా వచ్చేవాళ్ళూ, తమ ఆట తామే రాసుకుంటున్నవాళ్ళూ అడిగే ప్రశ్నల్లో సగానికి పైగా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి: యూనిట్ ఏ ఆకారంలో నిలబడాలి, దానికి రూల్ ఎలా రాయాలి? ప్రతిసారీ ఫోన్లో అదే చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఫార్మేషన్ రూల్ అంటే అసలు ఏమిటి?

యూనిట్ అంటే కలిసి కదిలే, కలిసి కొట్టే, కలిసి పారిపోయే బొమ్మల గుంపు. ఆ గుంపు ఏ ఆకారంలో ఉంది, అలా ఉన్నప్పుడు ఎంత దూరం నడవగలదు, ఎంతమంది తుపాకీ పేల్చగలరు, పక్క నుంచి ఎవరైనా వచ్చి పడితే ఏమవుతుంది, ఆకారం మార్చుకోవాలంటే ఎంతసేపు పడుతుంది. ఈ ఐదూ చెప్పేదే ఫార్మేషన్ రూల్.

మొదటి నాలుగూ అందరూ శ్రద్ధగా రాస్తారు. ఐదోదాన్ని మాత్రం చివర్లో ఒక ముక్కగా తగిలించి వదిలేస్తారు. నా అనుభవంలో ఆట నడిచేదీ చచ్చేదీ ఆ ఐదోదాని మీదే. లైన్‌కి పాచికల మీద ప్లస్ ఒకటి ఇవ్వాలా, రెండు ఇవ్వాలా అని గంటలు కొట్టుకుంటాం గానీ, లైన్‌లోంచి బయటికి రావడానికి ఎంత ఖర్చు అన్నది తేలితే ఆ ఒకటీ రెండూ వాటంతటవే సర్దుకుంటాయి.

ఎన్ని ఫార్మేషన్లు పెట్టాలి?

మూడుతో మొదలుపెట్టండి. మేము మొదట తొమ్మిది రాశాం. ఆరు వారాలు ఆడాక చూసుకుంటే వాటిలో నాలుగింటిని ఎవరూ ముట్టుకోలేదు. అందులో ఒకటి నేను రెండు రాత్రులు కూర్చుని రాసింది, ఇప్పటికీ కొంచెం బాధే.

చివరికి మిగిలినవి లైన్ (పక్కపక్కన అడ్డంగా), కాలమ్ (ఒకరి వెనక ఒకరుగా), స్క్వేర్ (నాలుగు వైపులకూ ముఖం పెట్టి చదరంగా). తేలికపాటి దళాలకు మాత్రం నాలుగోదిగా విడివిడి వరుస ఉంచాం. లైన్‌లో ఎక్కువ తుపాకులు ఎదుటికి చూస్తాయి, కానీ నడక నెమ్మది, తిరగడం నరకం. కాలమ్ బాట వెంట చకచకా పోతుంది, కానీ ముందున్న కొద్దిమందే పేల్చగలరు. స్క్వేర్‌కి పక్కా లేదు, వెనకా లేదు. 1815లో వాటర్లూ దగ్గర ఫ్రెంచి గుర్రపు దళాలు బ్రిటిష్ స్క్వేర్ల చుట్టూ మళ్ళీ మళ్ళీ తిరిగి, వాటిని విరగ్గొట్టలేక వెనుదిరిగాయి. అదే స్క్వేర్ ఫిరంగికి మాత్రం కళ్ళు మూసుకుని కొట్టినా తప్పని గురి.

కొత్త ఫార్మేషన్ రాయాలనిపించినప్పుడు, ఉన్నవాటిలో ఏదీ చేయలేని పని ఇదేం చేస్తుందో ఒక్క వాక్యంలో చెప్పి చూడండి. "లైన్ లాంటిదే, కాకపోతే కాస్త మెరుగు" అని వస్తే కొట్టేయండి. మెరుగైన లైన్ చేతిలో ఉంటే పాత లైన్ ఎవడు వాడతాడు?

మరి ఇది రాయి, కాగితం, కత్తెర ఆట అయిపోదా?

ఆకారం మార్చుకోవడం ఉచితమైతే అచ్చం అదే అవుతుంది. గుర్రాలొస్తే స్క్వేర్, ఫిరంగి తిరిగితే లైన్, దారి కనబడితే కాలమ్. ఎవరి వంతు వస్తే వాళ్ళు సరైన బొత్తాం నొక్కుతారు. అందులో ఆలోచించడానికి ఏమీ ఉండదు.

ఆకారం మార్చడానికి ఎంత ఖర్చు పెట్టాలి?

దీనికి మాకు దారి చూపించింది చందుర్తి యుద్ధం. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర జరిగింది. ఒకవైపు కర్నల్ ఫోర్డ్ నడిపిన ఇంగ్లీషు కంపెనీ సైన్యం, దానికి తోడు విజయనగరం ఆనంద గజపతి రాజు సైన్యం. ఎదుట కాన్‌ఫ్లాన్స్ కింద ఫ్రెంచివారు. ఫోర్డ్ బెంగాల్ నుంచి ఓడల్లో వచ్చి దిగింది మన విశాఖలోనే.

ఆ రోజు ఇంగ్లీషువారి యూరోపియన్ పటాలానికి ముందు ఎత్తుగా ఎదిగిన చేను అడ్డం వచ్చింది. ఫ్రెంచివారికి పటాలం కనబడలేదు. కనబడింది పక్కనున్న సిపాయిలు, వాళ్ళ ఒంటి మీద ఎర్ర కోట్లు. అదే యూరోపియన్ పటాలం అనుకుని ఫ్రెంచి పటాలం అటు మళ్ళింది. సిపాయిలు చెదిరిపోయారు. గెలిచేశామన్న ఊపులో ఫ్రెంచివారు వరుసలు వదిలి వెంటపడ్డారు. సరిగ్గా అప్పుడు చేను చాటు నుంచి అసలు పటాలం చక్కగా లైన్ కట్టి వచ్చి వాళ్ళ పక్క మీద కాల్పులు గుప్పించింది. మళ్ళీ వరుస కట్టుకునే వ్యవధి ఫ్రెంచివారికి దొరకలేదు.

ఈ కథలో ఎవరి లైన్ మంచిది అన్న ప్రశ్నే లేదు. ఇద్దరివీ ఒకే రకం తుపాకులు, ఒకే రకం కవాతు. ఒకడు వరుసలో ఉన్నప్పుడు ఇంకొకడు వరుసలో లేడు, అంతే తేడా. కాబట్టి మా రూల్స్‌లో మూడు సంగతులు రాసుకున్నాం.

మొదటిది, ఆకారం మార్చాలంటే ఆ వంతు నడక మొత్తం పోతుంది. బాగా తర్ఫీదైన యూనిట్ అయితే రెండు పాచికలు వేసి 7 గానీ, అంతకంటే ఎక్కువ గానీ తెచ్చుకుంటే సగం నడక మిగుల్చుకుంటుంది. 36 పందేల్లో 21 దానికి పనికొస్తాయి, అంటే 58 శాతం. సగం కంటే కొంచెం ఎక్కువ. ఆశ పెట్టుకోవచ్చు గానీ దాన్ని నమ్ముకుని బతకలేం.

రెండోది, ఎదుటివాడిని తరిమిన యూనిట్ తరిమినందుకే చెదిరిపోతుంది. ఒక వంతు కదలకుండా నిలబడి సర్దుకునేదాకా అది ఆకారం మార్చలేదు, దాని పక్కలకు రక్షణ ఉండదు. తరమాలా వద్దా అని ఆటగాడు గోళ్ళు కొరుక్కోవాలి. మా దగ్గర ఒకాయన రిటైర్డ్ బ్యాంకు ఆఫీసరు, మహా నెమ్మదస్తుడు. ఆయన కూడా తరమకుండా ఉండలేడు. ప్రతి ఆదివారం అక్కడే దొరికిపోతాడు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఏ యూనిట్ ఆకారం మారుస్తోందో వంతు మొదట్లోనే చెప్పాలి, ఎదుటివాడు ఇంకా కదలకముందే. ముందు చెప్పడం, తర్వాత చూడడం. ఈ క్రమం తిరగబడితే పైన చెప్పిన రాయి, కాగితం, కత్తెర వచ్చి కూర్చుంటుంది.

గుర్రాలు మీదికి వస్తుంటే అప్పటికప్పుడు స్క్వేర్ కట్టుకోవచ్చా?

కట్టుకోవచ్చు, దూరాన్ని బట్టి. గుర్రాలు బయలుదేరిన చోటు 200 మిల్లీమీటర్ల కంటే దూరమైతే స్క్వేర్ కట్టేసినట్టే. 100కీ 200కీ మధ్య అయితే పాచికలు. 100 లోపైతే ఇక దేవుడే దిక్కు. పాచిక ఓడితే చెదిరిన స్థితిలో దెబ్బ తింటారు. ఇది లైన్‌లో నిలబడి తినే దెబ్బ కంటే ఘోరంగా ఉండాలి. లేకపోతే ప్రతివాడూ ప్రతిసారీ "పోతే పోయిందిలే" అని పాచికలు విసురుతాడు.

ఈ దూరాలు మీ బల్లకు, మీ గుర్రాల నడకకు తగ్గట్టు మార్చుకోండి. గుర్రం ఒక వంతులో పోయే దూరంలో సగం దగ్గర గీత పెడితే చాలావరకు సరిపోతుంది.

యూనిట్ మలుపు తిరగడం అంత గొడవ ఎందుకవుతుంది?

ఎన్‌సీసీ చేసినవాళ్ళకు దీనికి జవాబు కాళ్ళలోనే ఉంటుంది. పదిమంది పక్కపక్కన ఒకే వరుసగా మలుపు తిరిగేటప్పుడు లోపలి చివర ఉన్నవాడు దాదాపు ఉన్నచోటే అడుగులేస్తాడు, బయటి చివర ఉన్నవాడు బారలు చాపి పోతాడు. వరుస ఎంత వెడల్పైతే బయటివాడి కష్టం అంత. మధ్యలో ఒక్కడు తొందరపడ్డా వరుస విల్లులా వంగిపోతుంది, వెనక నుంచి తిట్లు మొదలవుతాయి.

బల్ల మీద ఇది లెక్కలో కనబడుతుంది. మా లైన్ వెడల్పు 160 మిల్లీమీటర్లు, వంతుకు నడక 150. ఒక మూల మీద తిప్పుతూ 90 డిగ్రీలు తిరగాలంటే బయటి మూల 251 మిల్లీమీటర్లు ప్రయాణం చేయాలి. నడక 150 మాత్రమే కనుక ఒక వంతులో 54 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అదే యూనిట్ 40 మిల్లీమీటర్ల వెడల్పు కాలమ్‌లో ఉంటే ఆ మూల పోవాల్సింది 63 మిల్లీమీటర్లే. మలుపు పూర్తయ్యాక ఇంకా 87 మిగులుతుంది. జగదాంబ సెంటర్లో ఆటో, ఆర్టీసీ బస్సు ఒకేసారి కుడికి తిరగడం చూసినవాళ్ళకు ఇంత లెక్క కూడా అక్కర్లేదు.

అందుకే మలుపును బయటి మూల దగ్గర కొలిచి నడకలోంచి తీసేయమని చెబుతాను. ప్రత్యేకంగా "లైన్ నెమ్మదిగా తిరుగుతుంది" అని ఇంకో రూల్ రాయనక్కర్లేదు, కొలతే ఆ పని చేసేస్తుంది.

కొందరు ఇది చాదస్తమని యూనిట్‌ని ముందు అంచు నడుమ మీద గిర్రున తిప్పేస్తారు. తప్పేమీ కాదు, ఆట వేగం పెరుగుతుంది. కాకపోతే ఒక మోసం దూరుతుంది. వెడల్పాటి యూనిట్‌ని నడుమ మీద తిప్పితే ఒక చివర ముందుకు పొడుచుకొస్తుంది, 160 వెడల్పుకు 80 మిల్లీమీటర్లు ఊరికే కలిసొస్తుంది. దెబ్బలాటకు ఆ 80 చాలు. నడుమ మీద తిప్పనిస్తే, తిరిగిన వంతులో శత్రువు మీద పడకూడదని ఒక్క వాక్యం చేర్చండి.

ఒక యూనిట్‌కి ఎన్ని బొమ్మలు? వాటిని అతికించే పలక (బేస్) ఎంత ఉండాలి?

బొమ్మల సంఖ్య కంటే యూనిట్ వెడల్పు ముందు తేల్చుకోండి. ఒక పటాలంలో 600 మంది అనుకుందాం. మూడు వరుసలుగా నిలబడితే ముందు వరుసలో 200 మంది. ఒక్కొక్కరికి 56 సెంటీమీటర్ల చోటు లెక్కన మొత్తం వెడల్పు 112 మీటర్లు. రెండే వరుసలైతే 168 మీటర్లు. బల్ల మీద ఒక మిల్లీమీటరుకు ఒక మీటరు లెక్క పెట్టుకుంటే మా 160 మిల్లీమీటర్ల లైన్ ఇక్కడి నుంచి వచ్చిందే. ఒక్కో బేస్ 40 చదరం, నాలుగు బేస్‌లు పక్కపక్కన. ఒక్కో బేస్ మీద 15 మిల్లీమీటర్ల బొమ్మలు ఆరు.

ఇక్కడ చాలామంది గమనించని చిక్కు ఒకటుంది. అదే లెక్కలో మూడు వరుసల పటాలం లోతు మూడు నాలుగు మీటర్లు, అంటే బల్ల మీద మూడు నాలుగు మిల్లీమీటర్లు. మన బేస్ లోతు 40. అంటే వెడల్పు నిజం, లోతు పదింతల అబద్ధం. పటాలం నిజానికి దారం పోగులాంటిది, మనం దాన్ని ఇటుకలా చేసి పెడుతున్నాం. దీనివల్ల పక్క నుంచి వచ్చిన శత్రువుకు తాకడానికి 40 మిల్లీమీటర్ల చోటు దొరుకుతుంది, రెండు యూనిట్లు ఒకదాని వెనక ఒకటి నిలబెడితే చోటంతా వాటికే సరిపోతుంది.

బేస్ సన్నగా కోస్తే బొమ్మలు పట్టవు. కాబట్టి అబద్ధాన్ని ఒప్పుకుని దాని చుట్టూ రూల్ రాయడమే దారి. మేమైతే దూరాలన్నీ ముందు అంచు నుంచే కొలుస్తాం. సొంత యూనిట్ల మధ్యలోంచి సొంతవాళ్ళు దూరి పోవడానికి అనుమతిస్తాం, ఎందుకంటే నిజంగా అక్కడ బోలెడు ఖాళీ ఉండేది.

చచ్చిన బొమ్మలను తీసేయాలా, గుర్తు పెట్టాలా?

వరుసల ఆటలో గుర్తు పెట్టడమే మేలు. బొమ్మ తీసేసిన ప్రతిసారీ వెడల్పు మారుతుంది, వెడల్పు మారితే మలుపు మారుతుంది, పక్క మారుతుంది. యూనిట్ వెనక చిన్న పాచిక పెట్టి లెక్క తిప్పుకోండి. పిల్లలతో ఆడేటప్పుడు మాత్రం తీసేస్తాం. బొమ్మ పడకపోతే వాళ్ళకు యుద్ధంలా అనిపించదు.

ముందు ఎక్కడిదాకా? పక్క ఎక్కడి నుంచి?

గొడవలు ఎక్కువ వచ్చే చోటు ఇదే. రెండు పద్ధతులున్నాయి. మూలల నుంచి 45 డిగ్రీల గీత గీయడం ఒకటి. యూనిట్ ముందు అంచును అటూ ఇటూ తిన్నగా పొడిగించడం రెండోది. 45 డిగ్రీలది చూడ్డానికి న్యాయంగా ఉంటుంది, కానీ కొలవాలంటే త్రికోణం కావాలి, అది ఎప్పుడూ ఎవరింట్లోనో ఉండిపోతుంది. పొడిగించిన అంచుకు ఒక స్కేలు చాలు. దాటి ముందున్నవాడు ముందు, వెనకున్నవాడు పక్క.

అటూ ఇటూ సగం సగం ఉంటే ఏం చేయాలి? శత్రువు వంతు మొదలైనప్పుడు వాడి బేస్‌లలో ఎక్కువ భాగం ఎటుంటే అటు. "మొదలైనప్పుడు" అన్న మాట చాలా అవసరం. అది లేకపోతే ముందున్న గుర్రాలు అర్ధచంద్రాకారంలో చుట్టి వచ్చి "పక్క నుంచి వచ్చాను కదండీ" అంటాయి.

ఫార్మేషన్‌కి ఎంత లాభం ఇవ్వాలి? ప్లస్ ఒకటా, పాచికలు రెట్టింపా?

ముందు మీరు వాడే పాచికల తీరు తెలుసుకోండి. ఒక్క పాచికతో ఆడితే ప్లస్ ఒకటి ఎక్కడైనా ఆరింట ఒక వంతు లాభమే. రెండు పాచికలు కలిపితే అలా కాదు. 7 కావాల్సినచోట 6 చాలంటే 58 శాతం 72 అవుతుంది. 11 కావాల్సినచోట 10 చాలంటే 8 శాతం 17 అవుతుంది, అంటే రెట్టింపు. అదే ప్లస్ ఒకటి బలవంతుడికి కాస్త సాయం, బక్కవాడికి ప్రాణదానం. ఇది తెలిసి వాడితే మంచి పనిముట్టు.

కాల్పులకు మేము ప్లస్‌లు వాడం. ఎంతమంది ముందుకు చూస్తున్నారో అన్ని పాచికలు. లైన్‌లో నాలుగు బేస్‌లు కనుక నాలుగు, కాలమ్‌లో ఒకటి. ఎవరికీ వివరించనక్కర్లేదు, కళ్ళకు కనబడుతుంది. ఆకారమే లెక్క అయిన చోట రూల్ గుర్తుపెట్టుకునే బాధ ఉండదు.

చక్రవ్యూహం, క్రౌంచవ్యూహం పెట్టొచ్చు కదా?

ఈ ప్రశ్న రాని ఆదివారం లేదు. పెట్టొచ్చు, కానీ యూనిట్ ఫార్మేషన్‌గా కాదు. భారతంలో వ్యూహం అంటే సైన్యం మొత్తాన్ని నిలబెట్టే పథకం. ఒక అక్షౌహిణిలో 21,870 రథాలు, అన్నే ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాల్బలం. దాన్ని 24 బొమ్మల యూనిట్ రూల్‌లోకి కుదిస్తే పేరు తప్ప ఏమీ మిగలదు.

కానీ దాని అడుగున ఉన్న 'పత్తి' చూడండి. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు కాల్బలం. అక్కడి నుంచి మూడింతలు చొప్పున సేనాముఖం, గుల్మం అంటూ పెరుగుతుంది. ఇది బల్ల మీదికి అచ్చంగా దిగుతుంది: ఒక్కో పత్తి ఒక్కో బేస్, మూడు బేస్‌లు ఒక యూనిట్, మూడు యూనిట్లు ఒక దళం. కౌటిల్యుడి అర్థశాస్త్రం ఇంకా దగ్గరి దారి. దండ, భోగ, మండల, అసంహత అని నాలుగే మూల వ్యూహాలు చెబుతుంది. దండం అడ్డంగా, భోగం పాములా ఒకదాని వెనక ఒకటిగా, మండలం అన్ని వైపులకూ చూస్తూ, అసంహతం విడివిడిగా. పైన నేను చెప్పిన లైన్, కాలమ్, స్క్వేర్, విడివిడి వరుసలతో పోల్చుకోండి. మేము మా నాలుగూ రాసుకున్నాక ఇది చదివి కాసేపు మాట్లాడలేదు.

పద్మవ్యూహం తప్పకుండా కావాలంటే ఒక సన్నివేశంగా రాయండి. ఒక్క యూనిట్ లోపలికి వెళ్తుంది, సాయం వెళ్ళాల్సిన దారి మూసుకుపోతుంది, ఎన్ని వంతులు నిలబడుతుందన్నదే పందెం.

ఏనుగులు?

ఫార్మేషన్ ఇవ్వకండి. ఏనుగు వరుసలో ఉండదు, వరుసలను పాడుచేస్తుంది. దాని చుట్టూ ఉన్నవాళ్ళకు, సొంతవాళ్ళతో సహా, చెదిరే రూల్ రాస్తే చాలు.

పొలాలు, తోపులు, గుట్టలు ఫార్మేషన్‌ని ఎలా దెబ్బతీయాలి?

క్రీ.పూ. 197లో గ్రీసులోని సైనోసెఫలే దగ్గర మాసిడోనియా ఫాలాంక్స్ (పొడవాటి ఈటెలు పట్టిన దట్టమైన దళం) గుట్టల మీద గతుకుల నేలలో వరుస కలుపుకోలేక రోమన్ల చేతిలో ఓడిపోయింది. చదును నేల మీద ఎదురులేని ఆకారం అది, అయిదు వరుసల ఈటెల మొనలు ముందుకు పొడుచుకుని ఉంటాయి. ఆకారం ఎంత బిగుతో, నేలకు అంత భయపడాలన్న సూత్రం అక్కడ దొరుకుతుంది.

మన వైపు నేలలో గుట్టల కంటే పొలం గట్లు ఎక్కువ బాధపెడతాయి. గట్టు దాటితే లైన్ చెదురుతుంది, కాలమ్ చెదరదు. తాటితోపులోకి లైన్ పోతే చెదురుతుంది, విడివిడి వరుసకు ఏమీ కాదు. దమ్ము చేసిన మడిలోకి ఎవరు దిగినా చెదురుతారు, గుర్రాలు అసలు దిగవు. నేలకో రకం శిక్ష రాయకుండా అన్నిటికీ 'చెదరడం' అన్న ఒకే స్థితి పెట్టుకోండి. తరిమినా, గట్టు దాటినా, స్క్వేర్ కట్టలేకపోయినా వచ్చేది అదే. మేము యూనిట్ పక్కన చింతగింజ పెడతాం. ఆ గింజ ఉన్నంతసేపూ ఏమేం కుదరదో ఒక కార్డు మీద నాలుగు పంక్తులుంటాయి.

రూల్స్ తెలుగులో రాయడం కుదురుతుందా?

కుదురుతుంది, కానీ మన భాష మాట్లాడేటప్పుడు భావాన్ని సందర్భానికి వదిలేస్తుంది. రూల్‌కి ఆ సౌఖ్యం లేదు. మా మొదటి ప్రతిలో "యూనిట్ సగం నడకతో వెనక్కి వెళ్ళవచ్చు" అని రాశాను. ఒకాయన సిపాయిల పటాలాన్ని శత్రువు వైపే చూస్తూ వెనకడుగులు వేయించాడు. ఎదుటాయన ఒప్పుకోలేదు. "వెనక్కి వెళ్ళడమంటే తిరిగి వెళ్ళడమేనండీ, వీపు కనబడాలి, నేను వీపు మీద కొడతాను" అన్నాడు. ఇద్దరూ చదివింది ఒకే వాక్యం, ఇద్దరి చదువూ సరైనదే. నలభై నిమిషాలు నడిచింది. చేసిన టీ చల్లారి మళ్ళీ పెట్టాల్సి వచ్చింది. టీ తెచ్చిన మా అత్తయ్య బల్ల వైపు చూసి, "ఏటర్రా, ఇంతసేపూ ఒక్క బొమ్మా కదల్లేదు" అంది.

ఇప్పుడు 'వెనకడుగు' అంటే ముఖం శత్రువు వైపే ఉంచి నడవడం, 'వెనుదిరగడం' అంటే పూర్తిగా తిరిగిపోవడం. రెండిటికీ మొదటి పేజీలోనే అర్థం రాసి, మూడో మాట వాడటం మానేశాం. "దగ్గర" అన్న మాట మొత్తం తీసేసి మిల్లీమీటర్లు వేశాం. 'వచ్చు', 'వలెను' తేడా కచ్చితంగా పాటిస్తాం. లైన్, కాలమ్ లాంటి మాటలకు సంస్కృతం వెతకలేదు. బల్ల దగ్గర ఎవరూ 'పంక్తివ్యూహం' అనరు, అననప్పుడు పుస్తకంలో ఉండి లాభం లేదు.

రాసిన రూల్ పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

పూర్తి యుద్ధం ఆడకండి, టైమ్ వేస్ట్. ఒక్క చిక్కుముడి తీసుకోండి: లైన్‌లో ఒక పటాలం, ఎదురుగా గుర్రాలు, మధ్యలో గట్టు. దాన్ని పదిసార్లు ఆడండి. బల్ల అక్కర్లేదు, హాల్లో నేల మీద రెండడుగుల టైల్స్ ఉంటే కొలతలు కూడా సగం అయిపోయినట్టే. పదింటిలో ఆటగాడు పదిసార్లూ ఒకే పని చేస్తే ఆ రూల్ నిర్ణయం ఇవ్వడం లేదు, జవాబు ఇస్తోంది. ఆరూ నాలుగుగా చీలితే సంతోషించండి.

తర్వాత రూల్ కాగితం మాత్రమే ఇచ్చి ఆట తెలియని ఇద్దరిని కూర్చోబెట్టండి. మీరు నోరు విప్పకూడదు. నాకు అది ఎంత కష్టమో చెప్పలేను, బాల్కనీలోకి వెళ్ళి నిలబడతాను. వాళ్ళు ఎక్కడ ఆగి మీ వైపు చూస్తారో అక్కడ గుర్తు పెట్టుకోండి.

విశాఖలో బొమ్మలు, బేస్‌లు ఎలా సమకూర్చుకోవాలి?

రూల్స్ పరీక్షించడానికి బొమ్మలు అక్కర్లేదు. అట్టముక్క మీద బాణం గుర్తు వేసి ముందు ఎటో తెలిస్తే చాలు. మా దగ్గర ఇంకో సరదా ఉంది. ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే అంకుడు కర్ర చెక్కడానికి మెత్తగా, తేలిగ్గా ఉంటుంది. చిన్న చిన్న మేకుల్లా తీయించి, ఎరుపు ఒకరికి, నీలం ఒకరికి రంగేసి ఆరు నెలలు వాటితోనే ఆడాం. ఇప్పటికీ కొందరికి అవే ఇష్టం.

ఎండీఎఫ్ (చెక్కపొడి అదిమి చేసిన పలక) బేస్‌లు లేజర్ కటింగ్ షాపుల్లో కోసిస్తారు. సముద్రపు గాలికి అవి ఉబ్బి అంచులు లేస్తాయి, నాలుగు కలిపితే 160 రావాల్సింది 163 వస్తుంది. కోయించిన రోజే రెండు వైపులా వార్నిష్ కొట్టండి. కింద ఇనుప రేకు అతికిస్తే తుప్పు కూడా ఉచితం.

బొబ్బిలి యుద్ధం ఎప్పుడు ఆడతారు?

అందరికీ కావాల్సింది అదే. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు, విజయనగరం సైన్యం కోట మీదికి వచ్చిన రోజు. మేము రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాం. కోట లోపల లైన్ లేదు, కాలమ్ లేదు, మలుపు లేదు. గోడ కూలిన చోట నలుగురు పట్టే సందు, దాని వెనక ఇంకో నలుగురు. ఈ పేజీలో రాసిన రూల్స్‌లో మూడొంతులు అక్కడ పనికిరావు. పైగా ఆ కోట లోపల ఆడవాళ్ళకు, పిల్లలకు జరిగింది బల్ల మీద పాచికలేసి ఆడేది కాదని మా అందరి మాట.

ప్రస్తుతం 1794 నాటి పద్మనాభం యుద్ధం మీద పనిచేస్తున్నాం. బయలు నేల మీద యుద్ధం, పైగా ఊరికి దగ్గర. వానలు తగ్గాక ఒకసారి వెళ్ళి ఆ గుట్టా, చుట్టూ పొలాలూ అడుగులతో కొలుచుకుని రావాలి. మిల్లీమీటరుకు మీటరు లెక్కలో మా బల్ల సరిపోతుందో లేదో అప్పుడు తేలుతుంది. సరిపోకపోతే భోజనాల బల్ల కూడా కలపాలి, దానికి ముందు ఇంట్లో అనుమతి తీసుకోవాలి.